గణాంక విద్యార్థినికి స్త్రీల అధ్యయనంతో పనేమిటి?

(స్త్రీల హక్కులపై జరిగిన అధ్యయన తరగతుల్లో ఎం.ఎస్‌సి. స్టాటిస్టిక్స్ విద్యార్థిని ఒకరు చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమని అడిగినప్పుడు, ఇంకా మొదలే కాని కోర్సు గురించి ఏం చెప్పను అన్నాను. కోర్సు గురించి కాదు, దాన్నుంచి నువ్వేం కోరుకుంటున్నావో చెప్పు, అది మాకూ అవసరం అన్నారు. మీలో చాలామంది కుటుంబ సలహా కేంద్రాల్లో, కార్మిక సంఘాల్లో, బస్తీల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్నవాళ్లు. ఇరవై రెండేళ్ల అమ్మాయి కోరికలు మీకు చిన్నవిగా తోచవచ్చు. అయినా చెబుతాను, ఎందుకంటే వాటిలో మీరు తీర్చగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి.

నేను ఎం.ఎస్‌సి. స్టాటిస్టిక్స్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. 2015లో యుజిసి తెచ్చిన ఎంపిక పద్ధతి వల్ల మా శాఖలో లేని ఒక సబ్జెక్టును బయటి నుంచి తీసుకునే వీలుంది. మా తరగతిలో దాదాపు అందరూ కంప్యూటర్ సైన్స్ వాళ్ల పేపరు తీసుకున్నారు. నేను స్త్రీల అధ్యయన కేంద్రం వాళ్లు నడిపే సెమినార్‌కు పేరిచ్చాను. విషయం స్త్రీలు, శ్రమ, చట్టం. మా శాఖ నుంచి వెళ్తున్నది నేనొక్కదాన్నే.

"దానివల్ల ఉద్యోగం వస్తుందా?" అని స్నేహితులు అడిగారు. ఇందులో వెక్కిరింపేమీ లేదు. అప్పు తెచ్చి చదివించే ఇళ్ల నుంచి వచ్చినవాళ్లం, ఆ ప్రశ్న అడగవలసిందే. "మార్కులు తేలిగ్గా వస్తాయనా?" అని ఒక అధ్యాపకుడు అడిగారు. ఇంకో సహాధ్యాయి మాత్రం "దాంట్లో లెక్కలేముంటాయి, ఏడుపులు తప్ప" అన్నాడు. ఈ మాట నాకు బాగా గుర్తుండిపోయింది. ఏ ఏడుపులు లెక్కకెక్కుతాయి, ఏవి ఎక్కవు, ఎందుకు ఎక్కవు అని తెలుసుకోవడానికే నేను వెళ్తున్నాను మరి.

మాది నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరు. మా గల్లీలో బీడీలు చుట్టని ఇల్లు లేదు. మా అమ్మ పెళ్లయి వచ్చిన నెల నుంచే చాట ముందు కూర్చుంది. అయితే కార్డు మా నాయనమ్మ పేరు మీద ఉంది. కంపెనీ వాళ్లు ఇంటికి ఒకే కార్డు ఇచ్చేవారు. టేకేదారు దగ్గర ఆకు, తంబాకు తెచ్చేది ఆ కార్డు మీదనే. బీడీలు అప్పగించేదీ, పాసుబుక్కులో రాయించుకునేదీ ఆ పేరుతోనే. రోజుకు వెయ్యి బీడీలని రాసి ఉంటుంది. ఆ వెయ్యిలో ఆరేడు వందలు అమ్మవి, మిగతావి నాయనమ్మవి. ఏడో తరగతి నుంచి సాయంత్రాలు నేను చుట్టినవీ అందులోనే ఉన్నాయి. ఇలా ఇరవై రెండేళ్లు. నాయనమ్మ పని మానేసినప్పుడు పిఎఫ్ డబ్బులు వచ్చాయి. ఆమె వాటిని దాచుకోలేదు, ఇంటి కప్పుకూ నా డిగ్రీ ఫీజుకూ ఇచ్చింది. ఆమెకు బీడీ కార్మికుల పింఛను కూడా వస్తోంది. దానికి పిఎఫ్ ఖాతా ఉండాలి. అమ్మకు ఖాతా లేదు. ఎన్నడూ కార్మికురాలిగా నమోదు కాలేదు గనుక, ఆమెకు రావలసినదేదీ ఆగిపోయిందని చెప్పడానికి కూడా కాగితం లేదు.

నేను డిగ్రీలో ఉండగా ఒకసారి సర్వే చేసే ఆయన మా ఇంటికి వచ్చాడు. అమ్మ ఒడిలో చాట ఉంది. చేతిలో కత్తెర, తడిపిన తునికాకు ఉన్నాయి. "ఏం పని చేస్తవమ్మా?" అని అడిగాడు. "ఏం చేస్త సారూ, ఇంట్లనే ఉంట" అంది. ఆయన అదే రాసుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, రోజుకు ఇన్ని ఇళ్లు తిరగాలని లెక్క ఉన్న మనిషి. అమ్మనూ తప్పుపట్టలేను. పని అంటే బయటికి పోయి చేసేదని ఆమెకు అందరూ నేర్పారు. ఆ ఇద్దరి మధ్య ఉన్న ప్రశ్న సంగతే నేను ఆలోచిస్తున్నాను. "ఏం పని చేస్తావు?" అనే ఆ చిన్న ప్రశ్నను అలా తయారు చేసిందెవరు?

మా శాఖలో ఈ ప్రశ్న అడిగితే సిలబస్‌లో లేదంటారు. మాకు శాంపిల్ ఎలా తీయాలో చెబుతారు, పొరపాటు ఎంత ఉంటుందో సూత్రం రాయిస్తారు. ఆ చదువంటే నాకు చాలా ఇష్టం. కానీ గడులు ముందే గీసి ఉంటాయి, మేం వాటిలోకి వచ్చిన అంకెలతో మొదలుపెడతాం. జాతీయ నమూనా సర్వేలో ప్రతి మనిషికీ ఒక కోడ్ ఇస్తారు. ఇంటి పని మాత్రమే చేసేవారికి 92. ఇంటి పనితోపాటు కట్టెలు, కూర, పశువుల మేత ఏరుకొచ్చేవారికి, ఇంటి అవసరానికి కుట్టు, నేత చేసేవారికి 93. ఈ రెండు కోడ్‌లూ కార్మికుల జాబితాలో ఉండవు. వీటిలో ఉన్నది దాదాపు అందరూ స్త్రీలే. రెండేళ్లుగా నేను ఈ సంఖ్యలతో లెక్కలు చేస్తున్నాను. 93 అని టైపు చేసినప్పుడల్లా నెత్తిన కట్టెల మోపుతో వచ్చే మా పెద్దమ్మ కనబడుతుంది.

మా అమ్మ విషయంలో ఇంకో చిక్కు ఉంది. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ప్రకారం యజమాని గానీ కాంట్రాక్టరు గానీ ముడిసరుకు ఇస్తే ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టే మనిషి కూడా ఉద్యోగే. ఆ చట్టం 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక స్మృతుల్లో కలిసిపోయింది గానీ, మా అమ్మ పనిచేసిన కాలమంతా అదే అమల్లో ఉంది. అదే మనిషి నమూనా సర్వే నిర్వచనంలోకి వెళ్లేసరికి స్వయం ఉపాధి పొందేదవుతుంది. ఇంటికి సరుకు తెచ్చుకుని చేసేవారిని వాళ్లు ఆ పద్దులోనే వేస్తారు. అత్త కార్డు మీద చేస్తోంది గనుక కుటుంబ వృత్తిలో జీతం లేని సహాయకురాలని రాసినా రాయవచ్చు. మా ఇంటికి వచ్చినాయన ఇంటి పని అని రాసుకున్నాడు. అంటే చట్టంలో ఉద్యోగి, పట్టికలో స్వయం ఉపాధి, ఫారంలో గృహిణి, తన నోటితో చెప్పుకుంటే ఏమీ కాదు. మనిషి మాత్రం ఒకతే, ఆమె చాటా ఒకటే.

ఈ నాలుగింటినీ ఒకచోట పెట్టి మాట్లాడే గది నాకు కావాలి. లా విద్యార్థులు చట్టం తెస్తారు. సోషియాలజీ వాళ్లు కుటుంబం గురించి చెబుతారు. పట్టిక చదవడం నేను చెబుతాను. సెమినార్ అంటే నా మనసులో ఉన్న బొమ్మ ఇది. మా శాఖలో అధ్యాపకుడు బోర్డు మీద నిరూపణ రాస్తే మేం దించుకుంటాం, చివరి వాక్యం దాకా ఎవరూ నోరు తెరవరు. గుండ్రంగా కూర్చుని ఒకరి కాగితం మీద పదిమంది ప్రశ్నలు వేసే చోట నేను ఇంతవరకు చదవలేదు. నాకు భయంగా కూడా ఉంది. నిరూపణ తప్పయితే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. అభిప్రాయం తప్పయితే ఎలా తెలుస్తుందో నేర్చుకోవాలి.

ఈ ప్రశ్నలు కొత్తగా నాకు మాత్రమే తోచినవి కావు. 1971లో ప్రభుత్వం వేసిన స్త్రీల స్థితిగతుల కమిటీ 1974 చివర్లో 'సమానత్వం వైపు' అనే నివేదిక తయారు చేసింది. వీణా మజుందార్ దానికి సభ్య కార్యదర్శి. దేశం అభివృద్ధి చెందుతోందనుకుంటున్న కాలంలో, జనాభాలో స్త్రీల నిష్పత్తి, పనిలో స్త్రీల వాటా తగ్గుతూ వస్తున్నాయని ఆ నివేదిక అంకెలతో చూపించింది. స్త్రీల అధ్యయనం ఒక విద్యారంగంగా మన దేశంలో నిలదొక్కుకోవడానికి ఆ నివేదిక పెద్ద కారణం. అంటే ఈ రంగం పుట్టుకలోనే పట్టికలు ఉన్నాయన్నమాట! మా సహాధ్యాయికి ఈ మాట చెప్పాలి.

ఆ తర్వాత 1970ల నడుమ దేవకీ జైన్, మాలినీ చంద్ రాజస్థాన్‌లో, పశ్చిమ బెంగాల్‌లో కొన్ని గ్రామాలు ఎంచుకుని, ఎవరు రోజులో ఏ గంట ఏం చేస్తున్నారో దగ్గరుండి రాయించారు. పని చేయనివారుగా లెక్కకెక్కిన స్త్రీలు నిజానికి పొలంలో, కళ్లంలో, పశువుల దగ్గర పని చేస్తున్నారని తేలింది. స్త్రీ సంఘాలూ పరిశోధకులూ పట్టుబట్టగా 1991 జనగణనలో పని గురించిన ప్రశ్న పక్కనే, పొలంలో గానీ కుటుంబ వృత్తిలో గానీ జీతం లేకుండా చేసే పని కూడా ఇందులో చేరుతుందని అచ్చువేశారు. ఒక్క వాక్యం చేర్చడానికి ఎన్ని ఉత్తరాలు, ఎన్ని సభలు పట్టి ఉంటాయో మీకు నేను చెప్పనక్కర్లేదు. నేను పుట్టకముందే నా తరఫున జరిగిన పని అది. దాన్ని ఎవరు ఎలా సాధించారో, ఏ అభ్యంతరాలు వచ్చాయో ఆ సెమినార్‌లో వివరంగా చదవాలని ఉంది. 2021లో జరగవలసిన జనగణన అప్పుడు జరగలేదు. 2027 మార్చి 1 ప్రాతిపదికగా జరుపుతామని 2025 జూన్‌లో ప్రకటించారు. ఈసారి ఆ ప్రశ్న ఎలా అడుగుతారు, ఎవరు అడుగుతారు, ఇంట్లో ఎవర్ని అడుగుతారు అనేది మనకు పట్టకపోతే ఇంకెవరికి పడుతుంది?

ఇప్పుడొక తీర్పు సంగతి చెబుతాను. నేను ఈ సెమినార్ ఎంచుకోవడానికి దగ్గరి కారణం అదే. 2014లో ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో భార్యాభర్తలు ఇద్దరూ చనిపోయిన కేసులో, 2021 జనవరిలో సుప్రీంకోర్టు నష్టపరిహారం పెంచింది. ఆ తీర్పుకు జతగా జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా అభిప్రాయం రాశారు. గృహిణి చేసే పనికి ఆర్థిక విలువ ఉందని, ఆమె ఆదాయాన్ని లెక్కకట్టడం దయాధర్మం కాదని, సమానత్వానికి సంబంధించిన విషయమని అందులో వాదించారు. దానికి ఆధారంగా 2019 కాల వినియోగ సర్వే అంకెలు ఇచ్చారు. ఇంటివారి కోసం జీతం లేని ఇంటి పనుల్లో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు గడుపుతున్నారని. చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మేం తరగతిలో తిరగేసే పట్టిక ఒక తీర్పులోకి నడిచి వెళ్లింది!

మర్నాడు ఆ సర్వే నివేదిక తీసి చూశాను. అక్కడ నా చదువు అక్కరకొచ్చింది. ఆ 299, 97 అనేవి ఆ రోజు ఇంటి పని చేసినవారి సగటు మాత్రమే. ఆరేళ్లు దాటిన స్త్రీలలో ఆ రోజు ఇంటి పని చేసినవారు 81.2 శాతం. పురుషులలో 26.1 శాతం. నూటికి డెబ్బై మందికి పైగా పురుషులు అసలు చేయనేలేదు, వాళ్లను వదిలేసి మిగిలినవారి సగటు తీస్తే 97 వచ్చింది. అందర్నీ కలిపి చూస్తే స్త్రీకి సుమారు 243 నిమిషాలు, పురుషుడికి సుమారు 25. మొదటి పద్ధతిలో తేడా మూడు రెట్లు, రెండో పద్ధతిలో దాదాపు పది రెట్లు. రెండూ నిజమే, ఒకే పట్టికలోవి. ఏది ఎప్పుడు చెప్పాలో తెలిసి ఉండాలి. 2024 సర్వేలో మొదటి పద్ధతి అంకెలు 289, 88 అయ్యాయి. ఇంటి పని తగ్గుతోందని, పంచుకుంటున్నారని ఎవరైనా వేదికెక్కి చెప్పబోతే ఒక్క నిమిషం ఆగండి, పురుషుల అంకె కూడా తగ్గింది.

తీర్పు గురించి నాకు ఒక బాధ కూడా ఉంది. గృహిణి శ్రమకు విలువ కట్టిన ఇలాంటి కేసులు చాలావరకు ఆమె చనిపోయాక వచ్చినవి. బీమా కంపెనీ ఎంత ఇవ్వాలన్న తగాదాలో విలువ తేలుతుంది. బతికి ఉన్న మనిషికి భరణం, ఆస్తిలో వాటా, పిఎఫ్, పింఛను అన్నప్పుడు ఆ 299 నిమిషాలు ఎక్కడికి పోతాయి? లా చదివేవాళ్లు నాకు దీనికి జవాబు చెప్పాలి. లేదంటే అందరం కలిసి వెతకాలి.

ఇంకో అంకె పత్రికల్లో మీరు చూసే ఉంటారు. పదిహేనేళ్లు దాటిన స్త్రీలలో పనిలో ఉన్నవారు, పని వెతుక్కుంటున్నవారు కలిసి 2017–18లో 23.3 శాతం. 2023–24కు అది 41.7 అయింది. ఇది ప్రగతి అని కొందరు, పల్లెల్లో గడవక స్త్రీలు ఏదో ఒక పనిలో పడుతున్నారని కొందరు, ఇదివరకు వదిలేసిన పనిని ఇప్పుడు జాగ్రత్తగా అడిగి రాస్తున్నారని మరికొందరు అంటున్నారు. పని చేస్తున్నట్టు రాసిన స్త్రీలలో మూడో వంతుకు పైగా కుటుంబ వృత్తిలో జీతం లేని సహాయకులే. ఇందులో మా అమ్మలాంటివాళ్లు ఎందరో నేను చెప్పలేను. కానీ నా పక్షం ఎటో చెబుతాను. లెక్కలోకి రావడం మంచిదే గానీ, జీతం లేని మనిషిని కార్మికురాలని రాసినంత మాత్రాన ఆమె చేతికి ఒక్క రూపాయి రాదు. నమోదు మొదటి మెట్టు మాత్రమే, దాని పైన కార్డు, ఖాతా, హక్కు ఉండాలి.

వినడం నేర్చుకోవాలన్నది నా అసలు కోరిక. మేం వందల మందిని ఒకే ప్రశ్న అడుగుతాం. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, వాళ్ల మాటల్లోనే చెప్పించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' వేశారు. అది ముందు తెలుగులో వచ్చింది, ఇంగ్లీషులోకి తర్వాత వెళ్లింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో హింస గురించి అడిగేటప్పుడు ఇంటికి ఒక్క స్త్రీనే ఎంచుకుని, ఏకాంతం దొరికితేనే అడుగుతారు, దొరక్కపోతే ఆ ప్రశ్నలు వదిలేస్తారు. మీ ఆయన హింసిస్తాడా అని అడగరు. చెంపదెబ్బ కొట్టాడా, తోశాడా, జుట్టు పట్టి లాగాడా అని ఒక్కొక్కటే అడుగుతారు. ఎందుకంటే హింస అనే మాటకు తల అడ్డంగా ఊపిన మనిషే చెంపదెబ్బ అంటే అవునంటుంది. సలహా కేంద్రంలో కూర్చునే అక్కలకు ఇది పుస్తకం చదవకుండానే తెలుసు. అలా పని గురించి అడగడం ఎలా? "ఏం పని చేస్తావు?" కాకుండా "పొద్దున లేచి మొదట ఏం ముట్టుకున్నావు?" అని అడిగితే మా అమ్మ ఏం చెప్పేదో!

ఆ కాల వినియోగ సర్వే తెల్లవారుజాము నాలుగింటి నుంచి మర్నాడు నాలుగింటి దాకా రోజును అరగంట ముక్కలుగా రాస్తుంది. అమ్మ ఒక కాలితో మా తమ్ముడి ఊయల ఊపుతూ, పొయ్యి మీద అన్నం మీద ఒక కన్ను వేసి, చేతులతో బీడీలు చుట్టేది. ఆ అరగంటను ఎవరు ఎలా పంచుతారో నేను చూడాలి. ఒక సగటు కింద దళిత స్త్రీ, ముస్లిం స్త్రీ, ఒంటరి స్త్రీ ఎలా మాయమవుతారో కూడా. బీడీ గల్లీల్లో వీళ్లందరూ ఉన్నారు.

అనుమానాలూ ఉన్నాయి. చదవవలసినవన్నీ ఇంగ్లీషులో ఉంటాయని చెప్పారు. చర్చ కూడా ఇంగ్లీషులోనే సాగితే తెలుగు మీడియం నుంచి వచ్చిన మేం గోడ పక్కన కూర్చుని తల ఊపి వస్తాం. తెలుగులో మాట్లాడే అవకాశం ఇవ్వమని మొదటి రోజే అడుగుతాను. రెండోది, తగినంతమంది చేరకపోతే సెమినార్ ఎత్తేస్తారట. స్త్రీల అధ్యయనాన్ని ప్రోత్సహించాలని 1986 జాతీయ విద్యా విధానంలో రాశారు. యుజిసి కేంద్రాలు పెట్టించింది. రాసినంత దృఢంగా డబ్బు, పోస్టులు రాలేదని ఆ కేంద్రాల్లో పనిచేసేవాళ్లే చెబుతారు. ఎత్తేస్తే నాకు కంప్యూటర్ పేపరు ఎలాగూ ఉంటుంది. కానీ అమ్మ కార్డు గురించి అడిగే గది ఉండదు.

అమ్మకు ఈ సంగతి చెబితే నవ్వింది. "మా మీద చదువులు, పరీక్షలు గూడ పెడ్తరా? గదంతా ఎందుకు బిడ్డా, మమ్ముల అడిగితే చెప్తం గద" అంది. అందుకే సెమినార్ పత్రానికి ఒక పని అనుకున్నాను. మా గల్లీలో ప్రతి బీడీ కార్డు వెనుక ఎన్ని చేతులున్నాయో లెక్క రాస్తాను. కార్డు ఎవరి పేరున ఉంది, ఆకు కత్తిరించేదెవరు, చుట్టేదెవరు, కట్టలు కట్టేదెవరు, టేకేదారు దగ్గరికి వెళ్లేదెవరు, డబ్బు ఎవరి చేతికి వస్తుంది, ఖాతా ఎవరిది. ఒక గల్లీ లెక్కతో జిల్లా గురించి ఏమీ తేల్చలేమని మా శాఖ వాళ్లు అంటారు, నిజమే. కానీ ఏ ప్రశ్న అడగాలో తేలుతుంది.

ప్రశ్నల కాగితం ముసాయిదా రాసి తెచ్చాను. రెండు పేజీలు, తెలుగులోనే. అక్కడ బల్ల మీద ముప్పై ప్రతులు ఉన్నాయి. బీడీలు, ఆకు, కుట్టుపని, అప్పడాలు, అగరుబత్తీలు, ఏ ఇంటి పనివాళ్ల మధ్య పనిచేసే అక్కలైనా ఒకటి తీసుకోండి. తగని ప్రశ్న కొట్టేయండి, నేను వదిలేసింది అంచున రాయండి. మీ దగ్గర పాత పాసుబుక్కుల నకళ్లు, పిఎఫ్ తిరస్కరించిన ఉత్తరాలు ఉంటే పేర్లు మూసేసి చూపించండి, వాటిని పట్టికగా వేసిపెట్టే పని నాది. సెమినార్‌కు బయటివాళ్లు కూడా వచ్చి మాట్లాడవచ్చని మా అధ్యాపకురాలు చెప్పారు. ఎవరు రాగలరో పేరు, వీలైన వారం ఆ కాగితం వెనుక రాసి ఇస్తే, మొదటి తరగతి లోపల ఆమెకు అందజేస్తాను.